విజయవాడ రోడ్డు మీద నాలుగు ఎంపీ సీట్లు

లోక్‌సభ ఎన్నికల్లో ప్రధానమంత్రి పదవికి విడిగా ఓటంటూ ఉండదు. దేశాన్ని 543 స్థానాలుగా విడగొట్టారు. ఓటరు తన స్థానంలో నిలబడ్డ అభ్యర్థుల్లో ఒకరికి ఓటేస్తాడు, అంతే. అందువల్ల ఎవరి ఇల్లు ఏ గీతకు ఇవతల ఉంది, ఎవరిది అవతల ఉంది అన్నది చిన్న విషయం కాదు. హైదరాబాద్ తూర్పు వైపు, విజయవాడ రోడ్డు వెంట చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. మలక్‌పేట అసెంబ్లీ సెగ్మెంటు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకునే ఉన్న సరూర్‌నగర్ మహేశ్వరం సెగ్మెంటు కిందికి, అంటే చేవెళ్ల స్థానంలోకి వస్తుంది. కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం మల్కాజిగిరిలోవి. పెద్దఅంబర్‌పేట దాటాక వచ్చే బాటసింగారం ఇబ్రహీంపట్నం సెగ్మెంటులో ఉంది, దాని ఎంపీ భువనగిరి ఎంపీ. కొత్తపేటలో ఉండే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలినప్పుడు దాని పార్లమెంటు స్థానం కూడా మారిపోయింది.

ఈ గీతలు 2008 పునర్విభజనలో, 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసినవి. ఆ తర్వాత నగరం ఎటు పెరిగిందో అందరికీ తెలుసు. 2024లో మల్కాజిగిరిలో 37 లక్షల పైచిలుకు ఓటర్లు ఉన్నారు, దేశంలో అదే అతి పెద్ద నియోజకవర్గం. భువనగిరిలో సుమారు 18 లక్షలు. ఇద్దరు ఎంపీలకూ సభలో ఉండేది ఒక్కో ఓటే. అంటే వనస్థలిపురం ఓటరు మాట విలువ బాటసింగారం ఓటరు మాటలో సగమే.

ఎన్నికల అసలు పని ఓటరు జాబితాతో మొదలవుతుంది. పోలింగ్ బూత్‌కు ఒక బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) ఉంటారు. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఫారం 6 ఇస్తారు, ఇల్లు మారినవారు ఫారం 8 ఇస్తారు. ఒక మనిషి పేరు ఒకచోటే ఉండాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల్లో మాత్రం కాపురం ఇక్కడా, ఓటు సొంతూళ్లోనూ ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు. 2024 మే 13న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. దానికి ముందు రెండు మూడు రోజులు విజయవాడ హైవే సంక్రాంతిని తలపించింది. బస్సుల్లో నిలబడే చోటు లేదు, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి.

షెడ్యూలు వెలువడిన క్షణం నుంచి ఎన్నికల కోడ్ అమల్లోకి వస్తుంది. జిల్లా కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి. యంత్రాంగమంతా అప్పటికి ఎన్నికల సంఘం చెప్పినట్టు నడవాలి. కోడ్ సెగ ముందు తగిలేది నగదు వ్యాపారానికి. రూ.50 వేలకు మించి వెంట తీసుకెళ్తే లెక్క చూపాలి, లేదంటే ఫ్లయింగ్ స్క్వాడ్ స్వాధీనం చేసుకుంటుంది. 2024 పోలింగ్ సరిగ్గా మామిడి సీజన్‌లో వచ్చింది. మార్కెట్‌లో కాయ అమ్ముకుని డబ్బు చేత పట్టుకుని ఊరికి బయల్దేరే రైతు తక్‌పట్టీని, అంటే అమ్మకం చీటీని, జేబులో భద్రంగా ఉంచుకోవాల్సిందే.

నామినేషన్ వేయాలంటే రూ.25 వేల డిపాజిట్, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి రాకపోతే అది గల్లంతే. ఒకప్పుడు డిపాజిట్ రూ.500 మాత్రమే. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని నల్గొండ స్థానంలో జనం పోటెత్తి నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. అదే ఏడాది డిపాజిట్‌ను రూ.10 వేలకు పెంచారు. అయినా 2019లో నిజామాబాద్ పసుపు రైతులు మళ్లీ అదే దారి పట్టారు. 185 మంది అభ్యర్థుల కోసం ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పేర్చాల్సి వచ్చింది. గెలవడానికి కాక గోడు చెప్పుకోవడానికి నామినేషన్‌ను వాడుకోవడం తెలంగాణ పల్లెలు ఎంచుకున్న ఎత్తుగడల్లో గట్టిది.

పోలింగ్ రోజు తెల్లవారుజామునే ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోలింగ్ చేసి, ఆ ఓట్లు చెరిపేసి యంత్రానికి సీలు వేస్తారు. లోపలికి వచ్చిన ఓటరు పేరును మొదటి అధికారి పైకి చదువుతారు. అభ్యంతరం ఉంటే ఏజెంటు అప్పుడే చెప్పాలి. తర్వాత ఎడమ చూపుడు వేలికి సిరా, రిజిస్టర్‌లో సంతకం. కంట్రోల్ యూనిట్ దగ్గరున్న అధికారి బటన్ నొక్కితేనే బ్యాలెట్ యూనిట్ ఓటు తీసుకుంటుంది. ఏ గుర్తుకు పడిందో వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లపాటు కనిపిస్తుంది. ఈ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. రెండోది బెంగళూరులోని బీఈఎల్. 2014లో నమీబియా వాడిన ఈవీఎంలు అక్కడ తయారైనవే. ఆఫ్రికాలో యంత్రంతో జాతీయ ఎన్నికలు జరిపిన తొలి దేశం నమీబియా.

కౌంటింగ్‌లో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొచ్చినవారు గెలిచినట్టే, సగం ఓట్లు రానక్కర్లేదు. నోటాకు ఎన్ని ఓట్లు పడినా ఫలితం మారదు. ఈ పద్ధతి ఎంత నిక్కచ్చిగా కోస్తుందో 2024 ఫలితాలే చెబుతాయి. తెలంగాణలోని 17 స్థానాల్లో కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1. దాదాపు 17 శాతం ఓట్లు తెచ్చుకున్న బీఆర్‌ఎస్‌కు సున్నా. అదే మే నెల 29న దక్షిణాఫ్రికాలో ఎన్నికలు జరిగాయి. అక్కడ పార్టీలకు వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచుతారు. సుమారు 40 శాతం ఓట్లు వచ్చిన ఏఎన్‌సీకి 400 సీట్లలో 159 దక్కాయి. ఆ లెక్కన బీఆర్‌ఎస్‌కు రెండో మూడో ఎంపీ సీట్లు వచ్చేవి. మన పద్ధతిలో ఊరికో మనిషి ఎంపీగా దొరుకుతాడు నిజమే, కానీ ఓడిన ఓటు పూర్తిగా వృథా పోతుంది. 37 లక్షల మందికి ఒక్కడే ఎంపీ అయినచోట ఆ దొరకడం కూడా మాటవరసకే.

దక్షిణాఫ్రికాలోనైనా ఇక్కడైనా ప్రభుత్వాధినేత కుర్చీ దక్కాలంటే సభ మద్దతే దారి. అక్కడ అధ్యక్షుణ్ని పార్లమెంటు ఎన్నుకుంటుంది. ఇక్కడ ప్రభుత్వం నిలబడాలంటే 272 మంది ఎంపీల బలం కావాలి. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగిపోవడంతో తెలుగుదేశానికి చెందిన 16 మంది, జేడీయూకు చెందిన 12 మంది కీలకమయ్యారు. లోక్‌సభ గడువు ఐదేళ్లు. మధ్యలో ఏ స్థానమైనా ఖాళీ అయితే ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలి. మిగిలిన గడువు ఏడాదిలోపే ఉంటే అదీ అక్కర్లేదు.