మీకు తెలుసా? కోడి జబ్బును దాని ఈకలే చెబుతాయి!

సికింద్రాబాద్ చిలకలగూడలో పెరట్లోనో డాబా మీదో నాలుగు నాటుకోళ్లు పెంచుకునేవారికి అక్కరకొచ్చే సంగతులివి.

• ఈకలు రాలగానే జబ్బనుకోకండి. కోడి సాధారణంగా ఏడాదికోసారి పాత ఈకలు విడుస్తుంది. రాలడం తల, మెడ దగ్గర మొదలై కిందికి దిగుతుంది. అప్పుడు గుడ్లు తగ్గుతాయి, లేదా ఆగిపోతాయి. ఈకలో 80 శాతానికి పైగా మాంసకృత్తులే కాబట్టి ఆ రోజుల్లో బలమైన మేత పెట్టాలి.

• మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి. గడ్డి రంగు పురుగులు చకచకా పరుగెడితే అవి పేలు. ఈక మొదట్లో తెల్లగా ముద్దకట్టి కనిపించేవి వాటి గుడ్లు.

• ఎర్ర మైట్లనే చిన్న పురుగులు పగలు గూటి పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం పీలుస్తాయి. అందుకే రాత్రిపూట టార్చి వేసి గూడు వెతకాలి.

• కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా, మందంగా మారితే ఆ కింద మైట్లు చేరినట్టే.

• తురాయి మీద, కళ్ల చుట్టూ పులిపిర్లలాంటి పొక్కులు లేస్తే కోళ్ల మశూచి కావచ్చు. దీన్ని దోమలు మోస్తాయి. కోళ్ల మశూచి మనుషులకు సోకదు, టీకాతో నివారించవచ్చు.

తురాయి నీలంగా మారినా, కోళ్లు వరుసగా చనిపోతున్నా వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి.