పెంపుడు పాముకు నరాల జబ్బు: అపోహలు – వాస్తవాలు

అమెరికా, ఐరోపా దేశాల్లో బాల్ పైథాన్, కార్న్ స్నేక్, బోవా లాంటి పాములను కుక్కనో పిల్లినో పెంచుకున్నట్టే పెంచుకుంటారు. పిల్లలు పట్టుబడితే కాదనలేక తెచ్చిన తెలుగు ఇళ్లూ అక్కడ ఉన్నాయి. పాముకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే నోట్లో నురగ కనిపిస్తుంది, గూట్లో తేమ చాలకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. మెదడుకో నరాలకో జబ్బు చేస్తే మాత్రం మార్పంతా కదలికల్లోనే. దాన్ని ఆటనుకుని ఊరుకునేవాళ్లు కొందరు, ఇక బతకదని ఆ రోజే చేతులెత్తేసేవాళ్లు కొందరు. రెండూ తొందరపాటే.

అపోహ: తల పైకెత్తి చూస్తోందంటే పాము హుషారుగా ఉన్నట్టే.

వాస్తవం: హుషారుగా ఉన్న పామూ తలెత్తుతుంది. కానీ దాని మెడ తన అదుపులో ఉంటుంది, నాలుక ఆడుతుంటుంది. పక్కన ఏదైనా కదిలితే అటు తిరుగుతుంది, కాసేపటికి తల దించేస్తుంది. జబ్బు పాము మెడ వెనక్కి విరుచుకుపోతుంది. గడ్డం పైకి, నడినెత్తి వీపు వైపు తిరిగి అలాగే ఉండిపోతుంది. పెంపకందారులు దీన్ని స్టార్‌గేజింగ్ అంటారు.

అనుమానం వస్తే మెత్తటి బట్ట మీద పామును మెల్లగా వెల్లకిలా తిప్పి చూడండి. ఆరోగ్యంగా ఉన్నదైతే తల నుంచి మొదలుపెట్టి చకచకా బోర్లా తిరిగిపోతుంది. అలాగే పడి ఉన్నా, సగం తిరిగి ఆగిపోయినా నాడీ వ్యవస్థను అనుమానించాల్సిందే. చలికి మొద్దుబారిన పాము కూడా ఆలస్యంగానే తిరుగుతుంది కాబట్టి ముందు ఒళ్లు వెచ్చబడనివ్వాలి. మేత తిన్న వెంటనే మాత్రం ఈ పరీక్ష వద్దు. తల వణకడం, ఎర మీదికి దూకి గురి తప్పడం, తోక పట్టు సడలడం, మూర్ఛ రావడం మిగతా గుర్తులు. కుబుసం విడిచే ముందు కళ్లు పాలలా మసకబారతాయి. అప్పుడు గురి తప్పడం మామూలే, కుబుసం విడిచాకా తప్పుతుంటేనే ఆలోచించాలి.

అపోహ: స్టార్‌గేజింగ్ కనిపించిందంటే అది ఐబీడీయే, ఇక ఆశ లేదు.

వాస్తవం: ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్‌ను క్లుప్తంగా ఐబీడీ అంటారు. బోవాలను, కొండచిలువలను పట్టే ఈ వైరస్ జబ్బు పేరు చెబితేనే పెంపకందారులకు హడల్. కానీ మెడ విరుచుకోవడం లక్షణం మాత్రమే. దానికి కారణాలు చాలా ఉన్నాయి. థర్మోస్టాట్ చెడిపోయి గూడు వేడెక్కినా, పైనుంచి పడి తలకు దెబ్బ తగిలినా, మెదడు పొరలకు బాక్టీరియా సోకినా, ఇంట్లో పురుగుల మందు కొట్టినా ఇలాగే కనిపించవచ్చు. చేపలు తినే గార్టర్ పాములకు గోల్డ్‌ఫిష్ ఒక్కటే మేపుతుంటే, ఆ చేపలోని థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పాముకు వణుకు, మూర్ఛ మొదలవుతాయి. తొలిదశలో గుర్తించి వైద్యుడు బి1 ఇస్తే కోలుకునే అవకాశం ఉంది. కాబట్టి ముందుగా చూడాల్సింది థర్మామీటర్. బాల్ పైథాన్ గూట్లో వెచ్చటి మూల 31–33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, అవతలి మూల అంతకంటే చల్లగా ఉండాలి.

అపోహ: తింటోంది, తిరుగుతోంది. దానికి ఐబీడీ ఉండదు.

వాస్తవం: ఐబీడీ 1970ల నుంచీ తెలిసిన జబ్బే. కారణం అరీనా వైరస్ జాతికి చెందినదని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వెల్లడించారు. అంతవరకు అరీనా వైరస్‌లు క్షీరదాలకే, ముఖ్యంగా ఎలుక జాతికే ఉంటాయని అనుకునేవారు. బోవాలో ఈ వైరస్ నెలలు, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. తర్వాత తిన్నది కక్కడం, చిక్కిపోవడం మొదలవుతాయి. కొండచిలువల్లో జబ్బు వేగంగా ముదిరి నరాల మీదే దెబ్బకొడుతుంది. తల్లి నుంచి పిల్లలకూ వస్తుంది. పాముల ఒంటి మీద చేరే మైట్లు అనే నల్లులు దీన్ని మోస్తాయన్న అనుమానం బలంగా ఉంది. మందు లేదు, టీకా లేదు. రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. అందుకే కొత్త పామును కనీసం మూడు నుంచి ఆరు నెలలు వేరే గదిలో ఉంచాలి. పాత పాముల పని ముగించుకున్నాకే దాని దగ్గరికి వెళ్లాలి.

అపోహ: స్పైడర్ బాల్ పైథాన్ తల ఊపడం దాని ముద్దు అలవాటు.

వాస్తవం: సాలెగూడు లాంటి చారలున్న ఈ రకం వాణిజ్య పెంపకంలోకి వచ్చింది 1999లో. ఆ చారలిచ్చే జన్యువుతో పాటే తల ఊపూ వస్తుంది. కొన్నింటిలో లీలగా, కొన్నింటిలో ఎరను కూడా అందుకోలేనంతగా ఉంటుంది. వీటి లోపలి చెవిలో, ఒంటి నిలకడను చూసుకునే భాగం ఆకృతే తప్పుగా ఏర్పడుతోందని 2022లో సూక్ష్మ సీటీ స్కాన్లతో చేసిన అధ్యయనం చూపించింది. ఇది అంటదు, ముదిరే వైరస్ కాదు, మందుతో పోదు. ఇలాంటి పామును పెంచుతున్నవారు ఎత్తైన కొమ్మలు తీసేయాలి, దాన్ని బెదరనివ్వకూడదు, పిల్లలు పెట్టించకూడదు.

అపోహ: నాలుగు ముద్దలు పెట్టి, గూడు ఇంకాస్త వెచ్చబెడితే తేరుకుంటుంది.

వాస్తవం: అదుపు తప్పిన పాముకు మేత పెడితే కక్కేస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. అతివేడి వల్లే జబ్బు చేసి ఉంటే ఇంకా వేడి పెట్టడం చంపడమే. నల్లుల కోసం కొట్టే మందు మోతాదు మించితే అదే నరాల విషం. కాబట్టి సొంత వైద్యం వద్దు. దాన్ని మిగతా పాముల నుంచి వేరుచేయండి. మునిగిపోకుండా లోతైన నీటి తొట్టి తీసేయండి. వింత కదలికలను ఫోన్‌లో వీడియో తీయండి. గూటి ఉష్ణోగ్రత, చివరిసారి తిన్న తేదీ, ఇంట్లో వాడిన మందుల పేర్లు రాసుకుని, సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: పెరట్లో దొరికిన పాము ఇలాగే కనిపిస్తే మనమే సాకవచ్చు.

వాస్తవం: మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం స్థానిక పాములను ఇంట్లో పెంచకూడదు. అదుపు తప్పిన విషసర్పం కాటూ ప్రాణాంతకమే. దూరంగా ఉండి అటవీశాఖకు చెప్పడమే పని. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములున్నవారు కేంద్రం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

అపోహ: బాగుపడదని తేలితే ఫ్రీజర్లో పెడితే నొప్పి లేకుండా పోతుంది.

వాస్తవం: పాము శీతల రక్త జీవి కాబట్టి చలికి నిద్రలోనే పోతుందన్న నమ్మకం పాతది. బతికున్న పామును గడ్డకట్టించడం మానవీయం కాదని పశువైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. మత్తిచ్చి ప్రాణం తీసే పద్ధతి వైద్యుడి దగ్గర ఉంది. పోయాక కూడా కళేబరాన్ని గడ్డకట్టనివ్వకూడదు, కణజాలం చెడిపోతుంది. సంచిలో చుట్టి మామూలు ఫ్రిజ్‌లో ఉంచి, వీలైనంత త్వరగా శవపరీక్షకు పంపాలి. ఇంట్లో ఇంకా పాములుంటే వాటిని వేరుగా ఉంచాలా, గూళ్ల వేడి సరిచేసుకుంటే చాలా అన్నది ఆ నివేదికను బట్టే తేలుతుంది.