మనకి కనిపించని ప్రకటనలు

అమెరికాలో మనవాళ్ళ ఫోన్లలో మూడు ప్రకటనలు తప్పవు: షాద్‌నగర్ దగ్గర ప్లాట్లు, ఇండియాకి డబ్బు పంపే కంపెనీలు, గ్రీన్‌కార్డు లాయర్లు. ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా "మన మాటలు ఫోను వింటోందండీ!" అనేవాళ్ళు ఒకరైనా ఉంటారు. అంత చాటుగా వినాల్సిన అవసరం ఏముంది? ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చేవాళ్ళ ముందు పెట్టే జాబితాలో "ఇండియాలో నివసించినవారు" అనే గడి చాలాకాలంగా ఉంది. మొదట్లో దాని పేరు "ఎక్స్‌పాట్స్ - ఇండియా". అక్కడ టిక్కు పెట్టి, వయసు 35 నుంచి 50, ఊరు డాలస్ అని చేరిస్తే ప్రకటన ఇచ్చేవాడికి మనం దొరికినట్టే.

ఆపైన, మనం ఫోను తెరిచిన ప్రతిసారీ రెప్పపాటులో ఒక వేలం నడుస్తుంది. ఎక్కువ పాడినవాడే గెలవాలని లేదు. ఈ మనిషి దీన్ని నొక్కుతాడా లేదా అన్న అంచనా కూడా లెక్కలో కలుస్తుంది. మనం ఏం నొక్కామో, ఏ దుకాణం సైటులో చెప్పులు చూసి కొనకుండా వచ్చేశామో, అన్నీ ఆ అంచనాకి పనికొచ్చేవే. ఆ చెప్పులు వారం రోజులు వెంటబడతాయి. అదొక విసుగు, అంతే.

నాకు గుబులు పుట్టించేది మాత్రం మన దాకా రాని ప్రకటనలు. "వీళ్ళకి చూపించు" అన్నట్టే "వీళ్ళకి వద్దు" అనే గడులూ ఉండేవి. 2016లో ప్రోపబ్లికా విలేకరులు ఇల్లు వెతుక్కునేవాళ్ళ కోసమని ఒక ప్రకటన కొని, అది నల్లవాళ్ళకీ, హిస్పానిక్‌లకీ, ఏషియన్ అమెరికన్లకీ కనపడకుండా టిక్కులు పెట్టారు. పావుగంటలో అనుమతి వచ్చేసింది! అది జాతి కాదు, ఆ జాతి విషయాల మీద ఉన్న ఆసక్తి మాత్రమేనని ఫేస్‌బుక్ వాదన. ఏషియన్ అమెరికన్లంటే అందులో మనమూ ఉన్నాం.

ఇళ్ళ విషయంలో ఇలాంటి వివక్ష కూడదని ఈ దేశంలో 1968 నుంచీ చట్టం ఉంది. వెనకటి రోజుల్లో పేపర్లో "ఫలానావాళ్ళకి ఇవ్వం" అని వేస్తే అందరికీ కనపడేది, కోర్టుకి వెళ్ళడానికి కాగితం చేతిలో ఉండేది. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతే తెలియని పిల్లాడు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

గడులు తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. 2019లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు, మరికొందరు కలిసి ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి చూశారు. ఆడా మగా, నలుపూ తెలుపూ ఏదీ ఎంచలేదు. అయినా సూపర్‌మార్కెట్ కౌంటరు ఉద్యోగం చూసినవాళ్ళలో 85 శాతం దాకా ఆడవాళ్ళు, కలప పని చూసినవాళ్ళలో 90 శాతం దాకా మగవాళ్ళు. ఎవరు నొక్కుతారో మెషీనే ఊహించుకుని పంచిపెట్టేసింది.

అమెరికా న్యాయశాఖ పెట్టిన కేసులో 2022 జూన్‌లో మెటా రాజీకి వచ్చింది. ఇళ్ళ ప్రకటనలు పంచే పద్ధతి మారుస్తామని ఒప్పుకుంది. కట్టిన జరిమానా 1,15,054 డాలర్లు. అప్పట్లో ఆ చట్టం కింద అంతకు మించి వేయడానికి వీల్లేదు.