పాత డీజిలు వ్యానులో చమురు పొదుపు

మిరప కోతలు మొదలైనది మొదలు, వేసవి సెలవులకు గుంటూరు మిర్చి యార్డు మూయువరకు, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల రోడ్లపై టిక్కీలు నింపుకొన్న వ్యానులు రేయింబవళ్లు తిరుగుచుండును. ఇందు చాల భాగము పాత బండ్లే. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్న ట్రక్కులు, 1986లో వచ్చిన టాటా 407 రకము బండ్లు, చేతులు మారి చేతులు మారి నేడు గ్రామములలో పని చేయుచున్నవి. క్రొత్త బండి కొను స్తోమత అందరకు నుండదు. పాత బండినే తక్కువ చమురుతో నడుపుకొనుట ఎట్లో ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

మిరప ధర రైతు చేతిలో లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా, మన రాష్ట్రపు మిరపకు కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయింపవలసి వచ్చెను. అట్టి సంవత్సరములలో కూలి, హమాలీ, రవాణా ఖర్చులు పోను మిగులునది చాల స్వల్పము. ధరను మనము పెంచలేము గాని, కల్లము నుండి యార్డు వరకు అగు చమురు ఖర్చును తగ్గించుకొనగలము.

చమురు పొదుపు చేయు మందు సీసాలలో గాని, పొట్లములలో గాని దొరకదు. బండిలో చమురు వృథాగా పోవు దారులను ఒక్కొక్కటిగా వెదకి మూయుటయే మార్గము. ముందు కొలవవలెను, తరువాత బాగు చేయవలెను, మరల కొలవవలెను.

1. ముందుగా కొలత

"మా బండి పదిహేను ఇచ్చును" అని నోటిమాటగా చెప్పుట కొలత కాదు. బంకులో టాంకు నిండి, గొట్టము తనంతట తాను ఆగినపుడు మీటరు అంకె ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. తరువాత ప్రతి పర్యాయము అదే బంకులో, అదే విధముగా నింపించి, లీటర్లను, మీటరు అంకెను వ్రాయవలెను. ఇట్లు మూడు పర్యాయములు నింపిన తరువాత, తిరిగిన మొత్తము దూరమును పోసిన మొత్తము లీటర్లచే భాగించవలెను. మూడు పర్యాయములలో 420 కిలోమీటర్లకు 35 లీటర్లు పట్టినచో, లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చినట్లు. ఒక్కసారి నింపి లెక్క చూచిన తప్పు రావచ్చును.

పాత బండ్లలో మీటరు సరిగా చూపకపోవచ్చును. జాతీయ రహదారిపై కిలోమీటరు రాళ్లను చూచుచు పది కిలోమీటర్లు పోయి, మీటరు ఎంత చూపినదో సరిపోల్చుకొనవలెను.

2. చక్రములు, బ్రేకులు

ఇరుసుకు కందెన లేని బండిని లాగు ఎడ్లు త్వరగా అలసిపోవుట మనమెరిగినదే. వ్యాను సంగతియు నంతే. చక్రము తేలికగా తిరగనిచో ఇంజను ఎంత మంచిదైనను చమురు ఎక్కువ త్రాగును.

టైర్లలో గాలిని వారమునకొకసారి, ఉదయమున టైర్లు చల్లగా నున్నపుడు చూచుకొనవలెను. ఎంత గాలి యుండవలెనో బండితో వచ్చిన పుస్తకమున ఉండును. ముందు చక్రములకు, వెనుక చక్రములకు వేరువేరుగా నుండును. మధ్యాహ్నపు ఎండలో పరుగెత్తిన టైరులో గాలి ఒత్తిడి పెరుగుట సహజము. అది చూచి గాలి తీసివేయరాదు. టైరు ఒక అంచున మాత్రమే అరుగుచున్నచో చక్రముల వరుస సరిచేయించవలెను.

బ్రేకు పట్టుకొని యున్నదేమో తెలిసికొనుట సులభము. బ్రేకు ఎక్కువగా వాడకుండ కొంతదూరము నడిపి ఆపి, నాలుగు చక్రముల దగ్గరకు చేతిని తీసికొనిపోయి వేడి చూడవలెను. చేయి తగిలించినచో కాలవచ్చును, దగ్గరగా నుంచిన చాలును. ఒక చక్రము మిగిలిన వానికంటె చాల వేడిగా నున్నచో అచట బ్రేకు విడువకుండ నున్నదని గాని, బేరింగు చెడినదని గాని గ్రహించవలెను.

మరియొక పరీక్ష గలదు. వాహనములు లేని సమతలపు రోడ్డుపై ఖాళీ బండిని గంటకు 30 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి, ఇంజను ఆపకుండ, గేరు తప్పించి వదలవలెను. కాలు బ్రేకు దగ్గరనే ఉంచవలెను. బండి ఎచట ఆగినదో గుర్తు పెట్టవలెను. గాలి సరిచేసి, బ్రేకులు సవరించిన పిదప అదే చోట, అదే దిక్కుగా మరల చూచినచో బండి ఇంకను ముందుకు పోయి ఆగును. ఆ అదనపు దూరమే మీరు ఇంతవరకు పోగొట్టుకొన్న చమురునకు గుర్తు.

3. ఇంజనుకు గాలి

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండుటకు సుమారు 12 కిలోల గాలి కావలెను. అనగా రమారమి పదివేల లీటర్ల గాలి. ఇది కనీసపు లెక్క. ఈ గాలి అంతయు ఎయిరు ఫిల్టరు గుండా పోవలసినదే. నల్లరేగడి దుమ్ము, మిరప పొట్టు, ప్రత్తి నూగు గల మన ప్రాంతమున ఫిల్టరు త్వరగా మూసికొనిపోవును. గాలి చాలని ఇంజనులో డీజిలు సగము కాలి, నల్లని పొగయై పోవును.

కాగితపు ఫిల్టరును సీజనులో వారమునకొకసారి తీసి చూడవలెను. గాలితో ఊదించునపుడు లోపలినుండి బయటకు, తక్కువ ఒత్తిడితో ఊదించవలెను. నేలకు కొట్టరాదు, డీజిలులో కడుగరాదు. కాగితము చిరిగినచో వెంటనే మార్చవలెను. చిరిగిన ఫిల్టరు గుండా పోయిన దుమ్ము సిలిండర్లను, రింగులను అరుగగొట్టును. ఫిల్టరు ఖర్చునకు వెనుదీసిన వారు ఇంజను ఖర్చు పెట్టుకొనవలసి వచ్చును.

4. పొగ చెప్పు సంగతులు

నల్లపొగ వచ్చినచో గాలి తక్కువైనదని గాని, డీజిలు ఎక్కువ పడుచున్నదని గాని, నాజిళ్లు సరిగా చిమ్ముట లేదని గాని తెలియవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగనిచో డీజిలు కాలకుండ పోవుచుండవచ్చును, లేదా నీరు సిలిండరులోనికి చేరుచుండవచ్చును.

నల్లపొగ కనబడినపుడు మొదట ఫిల్టరు చూచి, ఆ తరువాతనే నాజిళ్లను విప్పించవలెను. నాజిలు నుండి డీజిలు సన్నని మంచువలె చిమ్మవలెను గాని చుక్కలుగా కారరాదు. పరీక్ష యంత్రము గల షాపులోనే దీనిని చూపించవలెను. టాపెట్ల సందు, పంపు టైమింగు కూడ అప్పుడే సరిచూపించుకొనుట మంచిది.

బండి బరువు లాగుట లేదని కొందరు పంపులోని మరను త్రిప్పించి డీజిలు ఎక్కువ పడునట్లు చేయింతురు. ఇందువలన కొంత బలము వచ్చినట్లు తోచినను, ఎక్కువైన డీజిలుకు తగిన గాలి లేక అది పొగయై పోవును. ఇంజను మితిమీరి వేడెక్కును. ఈ పని చేయించరాదు. డీజిలులో కిరోసిను కలుపుటయు హానికరమే. పంపు భాగములకు డీజిలే కందెన. కిరోసినునకు ఆ గుణము తక్కువ. పైగా అది నేరము.

5. థర్మోస్టాటు తీయించరాదు

మన ప్రాంతపు ఎండలకు భయపడి, ఇంజను వేడెక్కుచున్నదని థర్మోస్టాటు తీసివేయించుట చాలచోట్ల అలవాటైనది. థర్మోస్టాటు లేని ఇంజను, ముఖ్యముగా తెల్లవారుజామున బయలుదేరినపుడు, తగిన వేడికి రాకుండ చాలదూరము నడచును. చల్లని ఇంజనులో చమురు ఎక్కువ కాలును, సిలిండర్లు త్వరగా అరుగును.

ఇంజను వేడెక్కుటకు అసలు కారణము తరచుగా రేడియేటరు ముందే యుండును. రెక్కల సందులలో దూది, పొట్టు, పురుగులు నిండి గాలి ఆడకుండ చేయును. ఇంజను చల్లబడిన పిదప లోపలి వైపునుండి నీటితో మెల్లగా కడిగి, ఫాను బెల్టు బిగువు చూచి, ఆ తరువాత మాత్రమే మెకానిక్కు దగ్గరకు పోవలెను.

6. నడుపు తీరు

గాలి ఎదురు ఒత్తిడి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 40 కిలోమీటర్ల వేగమున నున్న ఒత్తిడి 60 కిలోమీటర్ల వేగమున రెండుంబావు రెట్లగును. టిక్కీలు ఎత్తుగా పేర్చిన బండికి ఇది మరింత బరువు. పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘము వారు గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగము మంచిదని చాలకాలముగ చెప్పుచున్నారు. టార్పాలిను పట్టను బిగించి కట్టవలెను. గాలికి కొట్టుకొను పట్ట బండిని వెనుకకు లాగును.

యార్డు గేటు ముందు బండ్లు బారులు తీరినపుడు ఇంజను ఆపివేయవలెను. ఊరక నడచు చిన్న డీజిలు ఇంజను గంటకు అర లీటరుకు అటు ఇటుగా త్రాగును. నాలుగు గంటలు నిలిచినచో రెండు లీటర్లు పోయినట్లే.

పల్లము దిగునపుడు ఇంజను ఆపి గాని, గేరు తప్పించి గాని బండిని వదలుట పొదుపు అని కొందరి భ్రమ. ఇది ప్రాణాపాయకరము. ఇంజను ఆగినచో బ్రేకునకు సాయపడు బలము పోవును. దోర్నాల నుండి శ్రీశైలము పోవు ఘాటు వంటి చోట్ల ఇట్లు చేసినచో బండి చేతికి దొరకదు. గేరులోనే ఉంచి ఏక్సిలేటరు పైనుండి కాలు తీసినచో, పల్లము బండిని నెట్టుచున్నంత సేపు పంపు డీజిలును దాదాపు ఆపివేయును. కనుక క్షేమము, పొదుపు రెండును గేరులో దిగుట యందే గలవు.

7. టిక్కీకి లెక్క

కిలోమీటరు లెక్క బండికి. టిక్కీ లెక్క రైతుకు. నరసరావుపేట దగ్గరి గ్రామమునుండి గుంటూరు యార్డుకు రానుపోను 90 కిలోమీటర్లు, డీజిలు లీటరు 100 రూపాయలు అనుకొందము. 750 కిలోల బరువునకు అనుమతి గల చిన్న బండిలో 40 కిలోల టిక్కీలు 18 పట్టును.

లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చు బండికి ఏడున్నర లీటర్లు, అనగా 750 రూపాయలు. టిక్కీకి సుమారు 42 రూపాయలు. పై పనులు చేసి 15 కిలోమీటర్లకు తెచ్చినచో ఆరు లీటర్లు, 600 రూపాయలు. టిక్కీకి 33 రూపాయలు. ట్రిప్పుకు 150 రూపాయల చొప్పున, సీజనులో 60 ట్రిప్పులు తిరిగినచో 9,000 రూపాయలు మిగులును.

తిరుగు ప్రయాణమున ఎరువులో, పశువుల దాణాయో తెచ్చుకొన్నచో, ఖాళీగా వచ్చు దూరపు ఖర్చు కూడ గిట్టుబాటగును. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఈ ఏర్పాటు చేసికొనుట మంచిది. కాని ఖర్చు తగ్గునని అనుమతికి మించి 30 టిక్కీలు ఎక్కించరాదు. 1,200 కిలోల బరువున టైర్లు పగులును, బ్రేకులు ఆగవు, స్ప్రింగులు విరుగును. మిగిలిన చమురు డబ్బు ఒక్క టైరుతో పోవును.

ఏ పని ముందు చేయవలెను?

ఖర్చు లేని పనులను ముందు చేయవలెను: పుస్తకమున లెక్క, టైర్ల గాలి, వేగము, గేటు ముందు ఇంజను ఆపుట. తరువాత స్వల్ప ఖర్చు పనులు: ఫిల్టర్లు, బ్రేకు సవరణ, రేడియేటరు శుభ్రత. నాజిళ్లు, పంపు పనులు చివరకు. ఒక్కొక్క పని చేసిన పిదప మూడు పర్యాయములు నింపి కొలవవలెను. అన్నియు ఒకేసారి చేయించినచో ఏది ఫలించినదో తెలియదు. అన్నియు చేసినను నీలిపొగ తగ్గక, ఆయిలు తరచు పోయవలసి వచ్చుచున్నచో ఇంజను అరిగినదని గ్రహించి, దానిని తిరిగి కట్టించు ఖర్చును, మిగులు చమురును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొని నిర్ణయించుకొనవలెను.

యార్డునకు వేసవి సెలవులు ఇచ్చు రోజులు ఈ పనులకు అనువైనవి. అప్పుడు బండికి తీరిక, మెకానిక్కునకు తీరిక. రైతు సోదరులు ఈ సెలవులలోనే ఒక చిన్న పుస్తకము కొని, మొదటి పుటలో మీటరు అంకె వ్రాసి పని ప్రారంభింతురు గాక.