కొత్త ఊరిలో మొదటి వారం

పిల్లలూ! మీ ఇంట్లోనో, పక్క క్వార్టరులోనో కాలేజీలో చదివే అన్నో అక్కో ఉన్నారనుకోండి. ఒకనాడు వారు, "నేను సేవాదళంతో వేరే రాష్ట్రానికి వెళ్తున్నాను. అక్కడివారితో కలిసి ఉండి, పనిచేసి వస్తాను" అంటారు. అమ్మ పెట్టె సర్దుతుంది. అవ్వ మాత్రం, "అంత దూరంలో మనవాళ్ళెవరున్నారు బిడ్డా?" అని దిగులుపడుతుంది. అవ్వ అడిగినది మంచి ప్రశ్నే. గోలేటి నుంచి వెళ్ళినవారు ఎరగని నగరంలో ఎలా కుదురుకుంటారు? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

ఇటువంటి ప్రయాణాలు మన దేశానికి కొత్త కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలైనవి. ఆదివాసీ యువతీ యువకులను ఇతర రాష్ట్రాల నగరాలకు తీసుకువెళ్ళే కార్యక్రమాలు కూడా ఆ కేంద్రాలు జరిపాయి. 2015లో ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' పథకంలో రాష్ట్రాలను జతలు జతలుగా కలిపారు. అందులో మన తెలంగాణకు హర్యానా జత, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ జత.

సరే, మన అన్న ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ నుంచి బయలుదేరి, బల్లార్షా, నాగపూర్‌ల మీదుగా ఉత్తరానికి సాగి, హర్యానా చేరాడనుకుందాం. మొదటి రాత్రి అతనికి నిద్ర పట్టదు. "నేను పిరికివాణ్ణి కాబోలు!" అని సిగ్గుపడతాడు. సిగ్గుపడవలసిన పని లేదు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఒక వింత కనిపెట్టారు. కొత్తచోట నిద్రించే మొదటి రాత్రి మన మెదడులో ఎడమ సగం, కుడి సగమంత గాఢంగా నిద్రపోదట! ఇంటికి కావలి కాసేవానిలాగా చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుంది. చోటు అలవాటైన తరువాత ఈ తేడా పోతుంది. కనుక ఆ మెలకువ పిరికితనం కాదు, శరీరం మనలను కాపాడుకొనే తీరు.

తెల్లవారింది. చుట్టూ ఉన్నవారు గబగబా మాట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాదు. "వీళ్ళెంత వేగంగా మాట్లాడతారో!" అనిపిస్తుంది. నిజానికి వారూ మనలాగానే మాట్లాడుతున్నారు. కాగితం మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది గాని, నోటి మాటలో అలా ఖాళీలుండవు. ఏటి నీటిలాగా అంతా ఒకే ధార. ఎక్కడ ఒక మాట ముగిసి మరొకటి మొదలైనదో పోల్చుకోవటం చెవికి అలవాటు కావాలి. అందుకు ఓపికగా వినటం, సందేహం వస్తే "మళ్ళీ ఒకసారి చెప్పండి" అని అడగటం, ఈ రెండే మందు.

ఈ విషయంలో మన ప్రాంతపు పిల్లలకు కొంత మేలున్నది. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, గోండీ, కొలామీ భాషలు మన జిల్లాలో వినిపిస్తూనే ఉంటాయి. మన గోండులు ఎదురైనవారిని "రాం రాం" అని పలకరిస్తారు గదా! హర్యానా పల్లెలలో కూడా పలకరింపు "రాం రాం" అనే. వెళ్ళినవాడు వచ్చిన మాటతో ముందుగా తానే పలకరిస్తే సగం కొత్త అక్కడే తీరిపోతుంది. భోజనమూ అంతే. అక్కడ అన్నం తక్కువ, గోధుమ రొట్టె, సజ్జ రొట్టె ఎక్కువ. జొన్నరొట్టె తిని పెరిగినవానికి అది పరాయి తిండి ఎలా అవుతుంది? చలికాలంలో వెళ్ళేవారు మాత్రం మంచి కంబళి మరవరాదు. అక్కడి పొగమంచు, చలి మనవాటికంటే చాలా హెచ్చు.

నిద్ర కుదిరింది, మాట కుదిరింది, తిండి కుదిరింది. ఇక అన్నిటికంటే కష్టమైనది ఒకటి మిగిలి ఉన్నది. అది సేవ చేయటం! "మంచిపని చేయటంలో కష్టమేమిటి?" అంటారా? ఈ కథ వినండి.

స్విట్జర్లాండులో పియెర్ సెరెసోల్ అనే ఇంజనీరు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోని వెర్డన్ ప్రాంతం నుగ్గునుగ్గయింది. 1920లో ఆయన వేరువేరు దేశాలవారిని కూడగట్టుకొని, అక్కడ ఎన్ అనే పల్లెలో ఇళ్ళు కట్టడానికి పూనుకొన్నాడు. వారిలో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటి శత్రువులు నేడు కలిసి ఇళ్ళు కడితే పగ చల్లారుతుందని ఆయన ఆశ. పని బాగానే సాగింది. కాని జర్మన్లు అక్కడ ఉండరాదని అభ్యంతరం వచ్చింది. 1921లో శిబిరం ఆగిపోయింది. పల్లెవారిని తప్పుపట్టగలమా? బిడ్డలను పోగొట్టుకొన్న గాయం ఇంకా పచ్చిగానే ఉన్నది. మనసు సిద్ధంకాని చోట మంచిపని కూడా నిలవదు.

సెరెసోల్ నిరాశపడలేదు. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం వచ్చింది. ఆ సంగతి తెలిసి ఆయన మన దేశానికి వచ్చాడు. అయితే ఈసారి ముందు తాను వచ్చి అంతా చూచి, సహాయ కార్యక్రమాలు నడుపుతున్న రాజేంద్రప్రసాద్ గారి వంటి పెద్దలతో మాట్లాడాడు. ఆ తరువాతనే తోటివారిని తెచ్చి, గ్రామస్థులతో కలిసి మట్టి మోసి ఇళ్ళు కట్టాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆయన స్థాపించిన అంతర్జాతీయ సేవాసంస్థ నేటికీ పనిచేస్తున్నది.

ముందు అడగాలి, తరువాత చేయాలి. ఈ నీతి బొగ్గు గనుల పిల్లలకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. భూగర్భ గనిలో కొత్తగా చేరినవాడు శిక్షణ పొందకుండా పనిలోకి దిగరాదని 1966 నాటి నియమాలున్నాయి. లోపల సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. వదులు బండ డొల్లగా మోగుతుంది. ఆ చప్పుడు వినకుండా తట్టా, పారా పట్టుకొని ముందుకు ఉరికేవాడు ఎంత బలవంతుడైనా ప్రమాదమే. పరాయి ఊరికి సేవకు వెళ్ళినవాడూ అంతే. "మీకేం కావాలి? నేనేం నేర్చుకోవాలి?" అని అడిగి, జవాబు వినిన తరువాతనే చేయి వేయాలి.

తల్లిదండ్రులకొక మాట. బిడ్డ ఫోనులో బెంగగా మాట్లాడితే "వెంటనే వచ్చేయి" అని తొందరపడకండి. "ఈ రోజు ఎవరి పేరు తెలుసుకొన్నావు? ఏ కొత్త మాట నేర్చావు?" అని అడగండి. ఆపద ఉంటే సరేసరి, ఉత్త బెంగ అయితే ఆ ప్రశ్నలతోనే కొంత దిగుతుంది.

పిల్లలూ, ఇక మీ వంతు. మార్పిడి అంటే వెళ్ళటమే కాదు, వచ్చినవారిని కలుపుకోవటం కూడా. మన టౌన్‌షిప్‌లో ఎందరి తాతలో ఎక్కడెక్కడి నుంచో పనికోసం వచ్చి, మొదటి రాత్రి నిద్రపట్టక దొర్లినవారే. బదిలీమీద వచ్చిన ఇంటి పిల్లవాడు రేపు మీ బడిలో వెనుక బెంచీలో ఒంటరిగా కూర్చోవచ్చు. వెళ్ళి అతని పేరు అడగండి. మంచినీళ్ళెక్కడో, గ్రంథాలయమెక్కడో చూపండి. అతని భాషలో ఒక మాట నేర్పమనండి. సేవ చేయటానికి కాలేజీ చదువుదాకా ఆగనక్కరలేదు, రైలూ ఎక్కనక్కరలేదు.