మావారి ఎక్కం

రాత్రి మజ్జిగ తాగుతూ మావారు గ్లాసు జారవిడిచారు. చూద్దును కదా, మూతి ఒక పక్కకు వెళ్లిపోయి ఉంది, కుడిచెయ్యి లేవడంలేదు. వాతం కాబోలు, తెల్లవారనిమ్మన్నారొకరు. పావురం రక్తం రాయమన్నారింకొకరు. 108కి ఫోను చెయ్యాలని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా!

ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది గంటలు గడిచాయి. మెదడులో అడ్డుపడ్డ నెత్తురుగడ్డను కరిగించే ఇంజక్షను 4½ గంటలలోపు పడాలట. డాక్టరుగారు మెల్లగానే చెప్పారు. నాకు మాత్రం ఈనాటికీ గట్టిగానే వినిపిస్తుంది.

నాలుగో నెలకు కర్ర పట్టుకొని నడిచారు. మాటే రాలేదు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, మంచినీళ్లు అడగలేక ఎడమచేత్తో మంచం కొట్టేవారు. మాట పలికించే చోటు మెదడులో ఎడమ పక్కన ఉంటుందని 1860లలోనే బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పాడట. అది దెబ్బతిన్నా, కంఠతా వచ్చిన వరసలు ఒక్కొక్కరికి మిగులుతాయట. ఆ సంగతి మాకు మనవడివల్ల తెలిసింది.

వాడు ఎక్కం వల్లిస్తూ, ‘రెండు మూళ్లు అయిదు’ అన్నాడు.

‘ఆరు!’ అని మంచం మీదినుంచి కేక.

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. రెండో ఎక్కం పూర్తిగా అప్పజెప్పారు! నేను ఏడుస్తూంటే వాడు, తనను కొడతారేమోనని బిక్కమొహం వేశాడు.

నాటినుంచి మాట తట్టనప్పుడల్లా ఎక్కం ఎత్తుకొంటారు. ఒక్కొక్కప్పుడు పదో ఎక్కం దాటినా మాట రాదు, విసుక్కొంటారు. నిన్న భోజనాల దగ్గర రెండు నాలుగుల దాకా వెళ్లి ఆగి, ‘చారు... ఉప్పు’ అన్నారు.

ఎక్కువయిందో తక్కువయిందో చెప్పలేదు. రుచి చూద్దును కదా, వెయ్యనేలేదు.