నేర్పినదే అడిగినారా?

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రములో ఉన్నత పాఠశాల పట్టా చేతికి రావలెనన్న ఒక అక్షరాస్యతా పరీక్షలో ఉత్తీర్ణత పొందవలెనని 1978లో శాసనము చేసినారు. నిత్యజీవితములో చదువును, లెక్కను వాడుకొనగలడా లేదా అని చూచు పరీక్ష అది. తప్పినవానికి పట్టా లేదు. చదువు పూర్తిచేసినాడను ధ్రువపత్రము మాత్రమే.

కోరిక సమంజసమే. పన్నెండేండ్లు బడిలో కూర్చుండి చదువురాక వెళ్లుట ఎవరికి ఇష్టము? అయితే మూడు పర్యాయములు పరీక్ష జరిగిన పిమ్మట లెక్క చూడగా, తుది తరగతిలో తప్పినవారు శ్వేతజాతి విద్యార్థులలో నూటికి సుమారు ఇద్దరు, నల్లజాతివారిలో ఇరువదిమంది. ఈ నల్లజాతి పిల్లలు తొలి తరగతులు చదివినది వర్ణభేదము పాటించిన పాఠశాలలలో; అవి శ్వేతజాతివారి పాఠశాలలతో సమానమైనవి కావు.

డెబ్రా పి. అను విద్యార్థిని పేర వ్యాజ్యము నడచినది. పరీక్ష తప్పినంత మాత్రాన పట్టా నిరాకరింపరాదని 1979లో న్యాయస్థానము 1982–83 విద్యాసంవత్సరము వరకు ఆంక్ష విధించినది. 1981లో అప్పీలు న్యాయస్థానము మరియొక అడుగు ముందుకు వేసి, పరీక్షలో అడిగినది తరగతిలో నేర్పినదేనని రాష్ట్రమే నిరూపించవలెనన్నది. పరీక్షింపబడవలసినవాడు విద్యార్థి ఒక్కడే కాడని ఇంత సూటిగా చెప్పిన తీర్పులు అరుదు. మన వద్ద పాఠ్యప్రణాళికకు వెలుపలి ప్రశ్న పడిన నాడే ఈ మాట వినబడును. అదియు మార్కులు కలుపుటతో ముగియును.

ఫ్లారిడావారు ఏమి నేర్పినారని ఉపాధ్యాయులను, ఏమి నేర్చినారని విద్యార్థులను విచారించి సాక్ష్యము కూర్చినారు. 1983లో న్యాయస్థానము దానిని అంగీకరించి, నియమము అమలునకు అనుమతి ఇచ్చినది. ఆ ఏడు తుది తరగతిలో నున్నవారు మొదటినుండి కలిసి చదివిన పిల్లలు.